నాలుగు రోజుల గంధం

యేసుమణి, దయానందం అమీర్‌పేటలోని ఆ పెంకుటింట్లో కాపురం పెట్టిన మూడో రోజు పొద్దున, పక్కింటి మణెమ్మ పిట్టగోడ మీదుగా తల పెట్టి, "ఏం పండుగ చేస్తున్నరమ్మా మీ ఇంట్ల?" అని అడిగింది.

యేసుమణి పెరట్లో నిలబడి జడ వేసుకుంటోంది. బడికి వేళవుతోంది. పండుగేమీ లేదని చెప్పింది.

"మరి గంధం వాసనొస్తున్నది. మీరు కిరస్తానపోళ్లని చెప్పిండ్రు గద."

"నేను పూసుకున్న అత్తరు," అంది యేసుమణి, కొంచెం సిగ్గుపడి.

మణెమ్మ నమ్మలేదు. గోడ మీదుగా చెయ్యి చాపి, పొద్దుటిదాకా ముఖ పరిచయం కూడా లేని ఆ మనిషి మణికట్టు పట్టుకుని వాసన చూసింది. వదలకుండా రెండోసారి చూసింది. "దేవుని గంధమే. గని దీంట్ల పాలు పోసినట్టున్నది," అంది.

అది 1938. దయానందం సికింద్రాబాద్‌లో సిపాయిల పల్టన్ దవాఖానాలో కాంపౌండరు. రోజూ సైకిలు మీద పోయి వచ్చేవాడు. యేసుమణి పంజగుట్టలో మిషన్ వాళ్ల ఆడపిల్లల బడిలో టీచరు. పెళ్లయిన కొత్తలో దయానందం పత్తర్‌గట్టీలో ఒక అత్తరు కొట్టుకు ఆమెను తీసుకుపోయాడు. కొట్టు ముసలాయన హీనా, గులాబీ, మొగలి అన్నీ ఒక్కొక్క దూది పుల్లతో చూపించి, ఇవి పెళ్లిళ్లకు, ఈద్‌లకు అన్నాడు. చివర చిన్న సీసా తీసి, ఇది మాత్రం రోజూ పూసుకునేది, దీన్ని దాచుకోకూడదు అన్నాడు. అది ఉత్త గంధపు నూనె. రాసుకోగానే పచ్చి చెక్క వాసన వేసేది. కాసేపటికి ఆ పచ్చిదనం పోయి, కాచిన పాల మీద మీగడ కడుతున్నప్పుడు వచ్చేలాంటి మెత్తని వాసన మిగిలేది. సాయంత్రం దాకా ఉండేది. పక్కన కూర్చున్నవాళ్లకే తెలిసేది.

సంఘంలో కొందరు ఆడవాళ్లకు అది నచ్చలేదు. గంధం వాసన గుడి వాసన అని వాళ్ల అభిప్రాయం. పాస్టరమ్మ ఒకసారి నెమ్మదిగా, "మీ అత్తమ్మ బొట్టు తుడుచుకొని బాప్తిస్మం తీసుకున్నది. నువ్వు మళ్ల అటు పోతున్నవా ఏంది?" అని అడిగింది కూడా. యేసుమణి ఇంటికి వచ్చి ఆ మాట చెబితే దయానందం నవ్వాడు. "సొలొమోను మందిరానికి చందనపు మాన్లు ఎందుకు తెప్పించిండో అడుగు ఆమెను," అన్నాడు. యేసుమణి అడగలేదు, మానలేదు. అది తప్ప ఆమె జీవితంలో ఇంకో సొగసు లేదు. తెల్లచీర, చేతికి గడియారం, వేలికి మిషన్‌లో మార్చుకున్న ఉంగరం. తాళి లేదు, నల్లపూసలు లేవు, తలలో పూలు లేవు.

మణెమ్మకు అదే మొదటినుంచీ వింత. ఆమె వాళ్లు సిద్దిపేట దిక్కునుంచి వచ్చిన పద్మశాలీలు. మగ్గాలు నడవక పట్నం వచ్చారు. భర్త భిక్షపతి పంజగుట్ట చౌరస్తాలో దర్జీ దుకాణం పెట్టుకున్నాడు. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ వజ్రమ్మను యేసుమణి తన బడిలో వేయించింది. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని గోడ దిగి వచ్చి యేసుమణి పక్కన కూర్చునేది. చదివేటప్పుడు మెల్లగా ఆమె భుజానికి ముక్కు ఆనించేది. చదువుకంటే వాసనకే వస్తున్నదని మణెమ్మ ఎగతాళి చేసేది.

"మా దాంట్ల ముత్తైదువను ఇంత దూరంకెళ్లి గుర్తుపడ్తం," అంది మణెమ్మ ఒకరోజు బియ్యం చెరుగుతూ. "నీకేమో బొట్టు లేదు, పుస్తె లేదు. ఎవ్వలన్న చూస్తే ఏమనుకోవాలె? గా వాసన ఒక్కటున్నది నీకు. మొగడు తెచ్చిచ్చిండు, నువ్వు రోజూ పూసుకుంటున్నవ్. అదే నీ బొట్టు అనుకుంట నేను."

యేసుమణి నవ్వి ఊరుకుంది. కాని ఆ మాట వాడలో నిలిచిపోయింది. పొద్దున గోడవతల గంధం వాసన వస్తే, టీచరమ్మ పెనిమిటి క్షేమం అన్నట్టే మణెమ్మ లెక్క.

యుద్ధం వచ్చింది. 1942 చలికాలంలో దయానందాన్ని పల్టన్‌తో పాటు తూర్పుకు పంపారు. వెళ్లేముందు మూడు సీసాలు కొనిపెట్టి వెళ్లాడు. "నేను వచ్చేదాక అని ఎత్తిపెట్టకు. నిలువ ఉంచితే నాకు కోపమొస్తది," అన్నాడు. నెలకో రెణ్నెల్లకో ఉత్తరం వచ్చేది. ఏ ఊరినుంచి రాశాడో తెలిపే చోట సెన్సారువాళ్ల నల్ల సిరా పూసి ఉండేది. యేసుమణి పొద్దున్నే గంధం రాసుకుని బడికి పోయేది, సాయంత్రం వచ్చి దీపం పెట్టుకునేది. బేగంపేట మీదుగా విమానాలు పోతుంటే వజ్రమ్మ లెక్కపెట్టేది.

1944 ఫాల్గుణంలో వజ్రమ్మకు పెళ్లి కుదిరింది. పిల్లకు పదహారేళ్లు. ఖైరతాబాద్‌లో వాళ్ల కులంవాళ్లే. పెళ్లికొడుకు రాజనర్సయ్య పల్టన్‌కు బట్టలు కుట్టే కార్ఖానాలో పనివాడు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదవగలడు. వజ్రమ్మకు చదువు వచ్చన్న సంగతే ఆ సంబంధానికి దారి చూపించిందని భిక్షపతి అందరికీ చెప్పుకున్నాడు.

ఆ వారం మణెమ్మ గోడ దగ్గర నిలబడి, "టీచరమ్మా, ఒకటి అడుగుత, కాదనొద్దు," అంది. "పెండ్లి పొద్దున ఐదుగురు ముత్తైదువలు బిడ్డకు గంధం పెడ్తరు. అందుల నువ్వొకదానివి కావాలె."

"నేనా? మీ వాళ్లు ఒప్పుకుంటరా అక్కా?"

"మా ఆడబిడ్డ మూతి ముడిచింది. కిరస్తానామె ఎట్ల పెడ్తదన్నది. నేను చెప్పిన, అక్షరం చెప్పింది ఆమె, మొగడున్నడు, ఇంకేం కావాలె అని. గంధం గిన్నెల నీ అత్తరు రెండు బొట్లు సుత వెయ్యాలె. బిడ్డ అదే అడిగింది."

యేసుమణికి కళ్లు చెమ్మగిల్లాయి. సరేనంది. ఇంతవరకు జరిగినదాంట్లో ఆమె తప్పేమీ లేదు.

పెళ్లి గురువారం. సోమవారం సాయంత్రం, మణెమ్మ కుటుంబమంతా చీరలు కొనడానికి చార్మినార్ వైపు పోయి ఉండగా, టపా జవాను పర్శరాములు యేసుమణి తలుపు తట్టాడు. "తారు వచ్చిందమ్మా," అని తంతి కాగితం ఇచ్చి, సంతకం పెట్టించుకున్నాడు. అందులో ఏముందో అతనికి తెలుసు. తలపాగా సర్దుకుని, "జర ధైర్యంగుండున్రి అమ్మా. ఎవర్నన్న పిలుచుకొస్తనా?" అని అడిగాడు. వద్దని ఆమె తల ఊపింది.

అస్సాంలో ఒక పల్టన్ దవాఖానాలో, జ్వరంతో, రెండు వారాల కిందట. రెండు వరసల కాగితం. యేసుమణి దాన్ని బైబిల్లో పెట్టలేదు. బియ్యం డబ్బాలో పెట్టింది, ఎందుకో ఆమెకు తెలియదు. చీకటి పడ్డాక గోడవతల నవ్వులు వినిపించాయి. మణెమ్మ పిలిచింది: "టీచరమ్మా, పడుకున్నవా? చీరలు చూద్దువు రా."

"తలనొప్పిగా ఉంది అక్కా, రేపు చూస్త," అంది యేసుమణి. గొంతు మామూలుగానే వచ్చింది.

మరునాడు పొద్దున ఆమె పెరట్లోకి వచ్చి జడ వేసుకుంది. ప్రతిరోజూ పెరట్లోనే వేసుకునేది కాబట్టి వచ్చింది. అలవాటుగా సీసా తీసింది. మూతకున్న గాజు పుల్ల మణికట్టు దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి ఆగింది. అక్కడ ఆపితే గోడవతలకు ఒక వార్త పోతుందని ఆమెకు తెలుసు. రాసుకుంది. చెవి వెనక కూడా రాసుకుంది. గోడవతల మణెమ్మ ముగ్గు వేస్తూ ఏదో పెళ్లిపాట కూనిరాగం తీస్తోంది. అది ఆగలేదు.

నోరు తెరిచి యేసుమణి ఏ అబద్ధమూ ఆడలేదు. ఆడనవసరం లేకపోయింది.

బడికి పోయింది. మూడో తరగతికి కూడికలు చెప్పింది. బుధవారం సాయంత్రం మణెమ్మ ఇంట్లో కూర్చుని విస్తళ్లు కుట్టింది. "మీ ఆయన వస్తే గీ చీర కట్టుకోని ముంగట నిలబడు, గుర్తుపట్టడు," అని మణెమ్మ ఆమె ఒడిలో ఒక ఆకుపచ్చ చీర పెట్టి పరాచికాలాడింది. అక్కడున్న ఆడవాళ్లంతా నవ్వారు. యేసుమణి కూడా నవ్వింది. ఆ నవ్వు కష్టమనిపించలేదు, అదే ఆమెకు తర్వాత చాలా ఏళ్లు అర్థం కాని సంగతి. ఆ ఆడవాళ్ల మధ్య కూర్చున్నంతసేపూ దయానందం ఎక్కడో ఉన్నాడు, రాబోతున్నాడు, ఆయన గురించి హాస్యాలాడుకోవచ్చు. లేచి ఇంటికి వస్తే బియ్యం డబ్బా ఉంది.

గురువారం పొద్దున గంధం గిన్నెలో రెండు బొట్లు వేసింది. పీట మీద కూర్చున్న వజ్రమ్మ మెడకూ చేతులకూ మెల్లగా పూసింది. తక్కిన నలుగురూ త్వరత్వరగా పూసి లేచారు. ఈమె చెయ్యి మాత్రం నిదానంగా కదిలింది. పిల్ల కళ్లు మూసుకుని, "టీచరమ్మా, మీ ఇంట్ల కూసున్నట్టున్నది," అంది గుసగుసగా. ఖైరతాబాద్ ఆడవాళ్లు వంగి వాసన చూసి, ఏ కొట్టుదని అడిగారు. అప్పగింతలప్పుడు తన దగ్గర మిగిలిన నిండు సీసా వజ్రమ్మ చేతిలో పెట్టింది యేసుమణి. "రోజూ పూసుకో. దాచుకోకు," అంది.

శుక్రవారం, శనివారం గడిచాయి. ఆదివారం ఆరాధన తర్వాత ఆమె పాస్టరుగారికి తంతి చూపించింది. ఇంటికి వచ్చి గోడ దగ్గర నిలబడి మణెమ్మను పిలిచి చెప్పింది.

మణెమ్మ గుండె బాదుకుంటూ గోడ దాటి వచ్చింది. "ఎప్పుడొచ్చింది బిడ్డా? ఎప్పుడు?"

"నిన్న," అంది యేసుమణి.

ఈ అబద్ధం నోటితో చెప్పిందే. మొదటిదాన్ని గంధంతో ఆడాక ఈ రెండోది చెప్పక తప్పలేదు. సోమవారం అన్న మాట నాలుక దాకా వచ్చింది. తనను రెండు చేతులతో పట్టుకుని ఏడుస్తున్న మనిషి ముఖం చూసి, అది వెనక్కి పోయింది.

మణెమ్మ పదకొండు రోజులు తన ఇంట్లో పొయ్యి వెలిగించిన ప్రతిసారీ రెండిళ్లకు వండింది. "పెండ్లయినంక వచ్చింది, దేవుడు అంత దయజూసిండు," అని ఒకరిద్దరితో అనడం యేసుమణి విన్నది. యేసుమణి గంధం మానేసింది. మణెమ్మ అది గమనించి, నెల తర్వాత ఒకరోజు, "మీ మతంల నిషేధం లేకుంటే పూసుకో బిడ్డా, నేనేమనుకోను. పొద్దున్నే గోడవతల ఎవ్వరూ లేనట్టున్నది నాకు," అంది. యేసుమణి లోపలికి పోయింది.

వానలు పోయాక వజ్రమ్మకు ఐదో నెల నడుస్తుండగా గర్భం నిలవలేదు. దవాఖానాలో దొరసాని డాక్టరు పిల్లకు ఒంట్లో నెత్తురు తక్కువుందని, రేషను బియ్యపు తిండి చాలడం లేదని, ఇంకో రెండేళ్లు ఆగాల్సిందని చెప్పింది. వజ్రమ్మను కోలుకోవడానికి పుట్టింటికి తెచ్చారు. దీపావళి దాటాక తీసుకుపోతామని అత్తగారివాళ్లు అన్నారు.

దీపావళికి రెండు రోజుల ముందు ఖైరతాబాద్‌నుంచి పెళ్లికొడుకు చిన్నాయన కనకయ్య, పిల్ల ఎట్లుందో కనుక్కుందామని భిక్షపతి దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. అదే వేళకు పర్శరాములు ఖాకీ కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చాడు. మాటల్లో మాట యుద్ధం మీదికి పోయింది.

"ఈ ఏడాది ఎన్ని తార్లు ఇచ్చిన్నో లెక్కలేదన్నా," అన్నాడు పర్శరాములు. "మీ పక్కింటి టీచరమ్మది తల్సుకుంటే ఇప్పటికీ గుండె పట్టుకుంటది. మీ ఇంటి ముంగట కూలోళ్లు పందిరి గుంజలు పాతుతుండ్రి. వాకిట్ల గుంజలు, నా చేతుల తారు. ఎట్ల ఇయ్యాల్నో తెల్వలే."

భిక్షపతి కత్తెర కింద పెట్టాడు. "పందిరి గుంజలా? పెండ్లయినంక గద వచ్చింది."

"లేదన్నా. సోమవారం. గురువారం గద పెండ్లి. నా బుక్కుల సంతకం సుత ఉన్నది."

పర్శరాములుకు తాను ఏం చేశాడో తెలియలేదు. కోటు ఇచ్చి పోయాడు. కనకయ్య పీట మీదినుంచి లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ సాయంత్రం మణెమ్మ గోడ దగ్గరికి రాలేదు. వీధి వాకిలిగుండా వచ్చి, గడప అవతలే నిలబడింది. ఆరేళ్లలో ఆమె అట్లా రావడం అదే మొదలు.

"తారు ఏ దినం వచ్చింది?"

"సోమవారం," అంది యేసుమణి.

మణెమ్మ గడప అవతలినుంచే తిరిగి వెళ్లిపోయింది.

దీపావళి దాటింది. పిల్లను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. కనకయ్యతో కబురు వచ్చింది: మొగడు పోయినదానితోని తెలిసి తెలిసి గంధం పెట్టించినరు, మాకు చెప్పకుండ దాచినరు, కడుపు పోయింది, ఇగ పిల్లను మీరే ఉంచుకోండ్రి. భిక్షపతి రెండుసార్లు పోయి, మాకు తెల్వదని మొత్తుకుని వచ్చాడు. గోడకు గోడ ఆనుకున్న ఇల్లు, ఎట్ల తెల్వదని వాళ్లు అడిగారట. వజ్రమ్మ పెరట్లోకి రావడం మానేసింది. రాత్రుళ్లు ఆ పిల్ల దగ్గు వినిపించేది, అంతే.

యేసుమణి చదువుకున్నది. గంధం పూసిన చేతికీ కడుపులో శిశువుకూ సంబంధం లేదని ఆమెకు తెలుసు. డాక్టరు చెప్పిన మాటలు వరసగా మనసులో పేర్చుకుంది: నెత్తురు తక్కువ, వయసు చిన్నది, తిండి చాలలేదు. శనివారం ఒంటిపూట బడి అయ్యాక, తంతి కాగితం తీసుకుని, ఎర్రమంజిల్ గుట్ట పక్కనుంచి నడుచుకుంటూ ఖైరతాబాద్ పోయింది. మణెమ్మకు చెప్పలేదు.

ఆ ఇంట్లో రాజనర్సయ్య, కనకయ్య ఉన్నారు. ఆమెను చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు. కూర్చోమనడానికీ మానడానికీ మధ్య ఇబ్బంది పడ్డారు. లోపలినుంచి రాజనర్సయ్య తల్లి బుచ్చవ్వ వచ్చింది. సన్నటి మనిషి, బోడి మెడ, బోడి నొసలు. పెళ్లిలో ఈమెను చూసిన గుర్తు యేసుమణికి లేదు.

"నువ్వేనా టీచరమ్మవు? ఇయ్యాల వాసన రాకుండ వచ్చినవే," అంది బుచ్చవ్వ.

కనకయ్య కిందికి చూశాడు.

"మణెమ్మ అక్కకు తెల్వదు," అంది యేసుమణి. "వాళ్లెవ్వరికీ తెల్వదు. వాళ్లు చీరలకు పోయినప్పుడు తారు వచ్చింది. నేనే దాచిన. తర్వాత అడిగితే శనివారం వచ్చిందని అబద్ధం చెప్పిన. ఇది ఆ కాగితం."

రాజనర్సయ్య తీసుకుని, పెదవులు కదిలిస్తూ తారీఖు చదివాడు. తల్లి వైపు చూసి తల ఊపాడు.

"మీ ఏసయ్య అబద్ధమాడుమన్నడా?"

"అనలేదు."

"మరి?"

పేర్చుకున్న మాటలు చెప్పడానికి అదే సమయం. నెత్తురు తక్కువ, వయసు చిన్నది. యేసుమణి నోరు తెరిచింది. ఆ మాటలన్నీ నిజమే. కాని బుచ్చవ్వ అడిగింది వాటి గురించి కాదు. వాటిని ముందు పెడితే, తాను తప్పు చేయలేదని గెలవడానికి వచ్చినట్టవుతుంది. పిల్ల ఇంకా పుట్టింట్లోనే ఉండిపోతుంది. ఆమె వాటిని మింగేసింది.

"ఎందుకు చేసినవ్?" అని మళ్లీ అడిగింది బుచ్చవ్వ. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు.

"గంధం మానేస్తే మణెమ్మ అక్కకు తెలుస్తది. తెలిస్తే ఆయన లేనట్టే," అంది యేసుమణి. "పెండ్లి ఆగుతదని దాచిన అని ఇన్ని దినాలు నాకు నేను చెప్పుకున్న. అది నిజం కాదు. ఇంక నాలుగు దినాలు ఆయన భార్యనని అందరూ అనుకోవాలె అని ఆశపడ్డ. దానికి మీ పిల్ల పెండ్లి వాడుకున్న."

బుచ్చవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆశ," అంది. "నాకు లేకుండెనా ఆశ? వీడొక్కడే కొడుకు నాకు. తండ్రి పోయిన పొద్దునకెళ్లి కూలి జేసి సాకిన. వీని పెండ్లినాడు మీ మణెమ్మ ఇంట్ల, మూల అర్ర తలుపు ఎనక కూసున్న నేను. అందరు అక్షింతలేసినంక కిటికీల నుంచి చూసిన. గంధం వాసన అర్రలకొచ్చింది. ఎవరో మస్తు మంచి గంధం తెచ్చిండ్రు అనుకున్న." కొంగు నెత్తి మీదికి లాక్కుంది. "నేను తలుపు ఎనక కూసుంటి. నువ్వు పీట కాడ కూసుంటివి. ఇద్దరం ఒక్కతీరుగనే ఉంటిమి ఆ దినం."

యేసుమణి అప్పటిదాకా ఆ ఇంట్లో ఏడవకూడదని అనుకుంది. తల దించుకుంది.

"దోషం తాకిందంటరు వీళ్లు. తాకిందో లేదో నాకు తెల్వదు. నేను వాడకట్టంత పెండ్లిళ్లకు తలుపు ఎనకనే కూసున్న, అయినా ఎందరి కడుపులు పోలే?" అంది బుచ్చవ్వ. కనకయ్య ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. "పిల్లను తెచ్చుకుంటం. మణెమ్మ తప్పు లేదని కులంల నేనే చెప్త. గని ఒకటి. మా కోడలు ఇగ నీ గడప తొక్కొద్దు, నీతోని మాట్లాడొద్దు. ఎదురువడితే తల తిప్పుకోవాలె. ఆ మాట దానికి చెప్పే తెచ్చుకుంటం. దానికి నువ్వు ఒప్పుకో."

"ఒప్పుకుంట," అంది యేసుమణి.

తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. కబురు ఆమెకంటే ముందే చేరింది. రాజనర్సయ్య సైకిలు మీద వచ్చి, బుధవారం బండి తెస్తానని చెప్పి పోయాడు. యేసుమణి కాళ్లు కడుక్కుంటుంటే మణెమ్మ గోడ దగ్గరికి వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చింది, కాని మోచేతులు గోడ మీద ఆనించలేదు.

"పోయినవంట గద."

"అవునక్కా."

"మంచి పనే జేసినవ్." కొంగు నడుముకు దోపుకుంది. "ఒక మాట చెప్త విను. నువ్వు సోమవారం నాడే చెప్తే నేను నిన్ను గంధం పెట్టనిస్తుంటినా? పెట్టనియ్యకపోతుంటి. అబద్ధమెందుకు. నా బిడ్డ పెండ్లి, నాకు భయముంటది. పీట కాడికి రానియ్యకపోతుంటి."

"తెలుసు."

"తెల్వదు నీకు. వినుమంటున్న. పీట కాడికి రానియ్యకపోతుంటి, గని ఆ రాత్రి నీ కాడ పండుకుంటుంటి. పెండ్లి పనులు మా ఆయన చూసుకుంటుండె, మా ఆడబిడ్డ చూసుకుంటుండె. నీ ఇంట్ల నువ్వొక్కదానివి ఆ కాగితం పట్టుకోని కూసుంటివి, గోడకు ఇవుతల నేను పాట పాడితి. బుధవారం నాడు నీ ఒళ్లె ఆకుపచ్చ చీర పెట్టి పరాచికాలాడితి. ఆ మాటలు ఎట్ల ఎనకకు తీసుకోవాలె నేను? చెప్పు."

ఏడు నెలలుగా యేసుమణి పిల్ల గురించి, దోషం గురించి, అబద్ధం గురించి మనసులో ఎన్నో లెక్కలు వేసింది. ఈ లెక్క మాత్రం ఎన్నడూ వేయలేదు. తనతో పాటు ఏడ్చే హక్కు ఒకరికి ఉండిందని, దాన్ని తాను ఇవ్వలేదని ఆమెకు తట్టనే లేదు.

"తప్పయింది అక్కా," అంది.

"అయింది," అంది మణెమ్మ. అనేసి, చీకటి పడుతోందని లోపలికి పోయింది.

తర్వాత వాళ్లు మాట్లాడుకోకుండా ఉండలేదు. నీళ్ల గురించి, రేషను దుకాణం గురించి, బడి పిల్లల గురించి ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు. మణెమ్మ మంచి మనిషి. కాని పరాచికాలాడడం మానేసింది. ఏదన్నా నవ్వుమాట నోటి దాకా వస్తే, ముందు యేసుమణి ముఖం వైపు ఒకసారి చూసేది, ఇప్పుడు ఈమె లోపల ఏముందో అన్నట్టు. ఆ చూపు యేసుమణికి శిక్షగా వేయలేదు ఎవరూ. అది వచ్చింది, ఉండిపోయింది.

బుధవారం పొద్దున ఎడ్లబండి వచ్చి మణెమ్మ వాకిట్లో ఆగింది. యేసుమణి బడికి పోవాల్సిన వేళ అదే. వీధిలోకి అడుగుపెడితే వజ్రమ్మ ఎదురుపడుతుంది, ఎదురుపడితే ఆ పిల్ల తల తిప్పుకోవాలి. అట్లాంటి పని ఆ పిల్ల ఇంతకుముందు ఎన్నడూ చేయలేదు. చెప్పినట్టు చేస్తుంది, చేసి ఖైరతాబాద్ దాకా ఏడుస్తుంది.

యేసుమణి పుస్తకాల సంచి కింద పెట్టి, వీధి తలుపు దగ్గరగా వేసింది. అవతల మూటలు ఎక్కించడం, భిక్షపతి ఎడ్లను అదిలించడం, మణెమ్మ బిడ్డకు జాగ్రత్తలు చెప్పడం వినిపించాయి. ఎవరో వచ్చి తన తలుపు ముందు ఒక క్షణం నిలబడినట్టు అనిపించింది. ఆమె కదలలేదు. బండి చప్పుడు పంజగుట్ట దిక్కుగా పోయి వినబడకుండా అయ్యేదాకా తలుపు వెనకే కూర్చుంది. ఆ రోజు బడికి ఆలస్యంగా పోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు.